మీ ప్రశ్నలు – మా జవాబులు: హనీ కాఫీ సంగతులు

హనీ పద్ధతిలో ఎండబెట్టిన కాఫీ గింజల గురించి విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా ప్రచురించాము. మన్యం నుంచి వచ్చి విజయవాడలో పనిచేస్తున్న ఒక పాఠకుడి ప్రశ్న ఒక కుటుంబం ఏడాది రాబడికి సంబంధించినది కనుక, దానికి మాత్రం మిగిలిన వాటికన్నా ఎక్కువ చోటు ఇచ్చాము.

ప్రశ్న: మా అబ్బాయి విశాఖపట్నం నుంచి వస్తూ ఎవరో ఒక చిన్న తోటవారి కాఫీ పొట్లం తెచ్చాడు. దాని మీద ‘హనీ ప్రాసెస్డ్’ అని రాసి ఉంది. మావారికి చాలా ఏళ్లుగా షుగరు ఉంది. ఇందులో తేనె కలుపుతారా? ఆయనకు ఈ కాఫీ ఇవ్వవచ్చునా?
— ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: తేనె ఒక్క చుక్క కూడా కలపరు; అది గింజను ఎండబెట్టే పద్ధతికి వచ్చిన పేరు. పండిన కాఫీ కాయకు పైన ఎర్రని తొక్క, దాని వెనుక కొద్దిపాటి గుజ్జు, గుజ్జుకు లోపలగా గింజను అంటిపెట్టుకొని తియ్యని జిగురు పొర, ఆ జిగురుకు అడుగున పార్చ్‌మెంట్ అని పిలిచే గట్టి పెంకు, పెంకు లోపల మరొక పలుచని పొర, వీటన్నిటి నడుమ చదునైన వైపులు ఎదురెదురుగా ఆనుకొని రెండు గింజలు ఉంటాయి. మామూలుగా తొక్క తీసిన తరువాత ఆ జిగురును పులియబెట్టి, నీళ్లతో కడిగివేస్తారు. హనీ పద్ధతిలో కడగకుండా, జిగురును పూర్తిగానో కొంతవరకో గింజ మీదనే ఉంచి ఎండబెడతారు. ఎండే కొద్దీ ఆ పొర బంగారు రంగుకు, తరువాత గోధుమ రంగుకు తిరిగి చేతులకు అంటుకుంటూ ఉంటుంది.

ఎండిన ఆ పొర పార్చ్‌మెంట్‌ను అంటుకొనే ఉంటుంది కనుక, మిల్లులో పెంకు ఒలిచినప్పుడు దానితోపాటే పోతుంది. మీ చేతికి వచ్చిన పొట్లంలో వేయించిన గింజ తప్ప జిగురు ఉండదు. పచ్చి గింజలో సహజంగా ఉండే చక్కెరలో అధిక భాగం వేయించేటప్పుడే మారిపోయి కాఫీకి రంగును, వాసనను ఇస్తుంది. కాబట్టి పాలు, పంచదార లేకుండా తాగే హనీ కాఫీలో లెక్కించవలసినంత చక్కెర ఉండదు. మీవారి విషయంలో చూసుకోవలసినది గ్లాసులో మీరు వేసే పంచదారను, పోసే పాలను మాత్రమే. కెఫీన్ విషయంలోనూ ఈ పద్ధతి వలన చెప్పుకోదగిన తేడా రాదు. అది మొక్క జాతిని బట్టి ఉంటుంది, అరబికా గింజలో సుమారు 1.2 శాతం ఉంటే రోబస్టాలో దాదాపు రెట్టింపు ఉంటుంది. రక్తపోటుకో నిద్రకో మందులు వాడుతున్నట్లయితే రోజుకు ఎన్ని కప్పులు తాగవచ్చునో ఆయనను చూస్తున్న డాక్టరుగారినే అడగండి.

ప్రశ్న: పొట్లాల మీద వాష్డ్, నేచురల్, ఎల్లో హనీ, రెడ్ హనీ, బ్లాక్ హనీ అని రకరకాలుగా రాస్తున్నారు. ఇవి వేర్వేరు రకాల మొక్కలా? మామూలు కాఫీకన్నా వీటికి అంత ఎక్కువ ధర ఎందుకు?
— ఒక విశ్రాంత ఉద్యోగి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఒకే మొక్క నుంచి, ఒకే రోజున కోసిన పండ్లను ఐదు గంపలుగా విడదీసి మీరు చెప్పిన అన్ని పేర్లతోనూ అమ్మవచ్చు. తేడా అంతా కోత తరువాత జరిగే పనిలో ఉంది. పండును పండుగానే ఎండబెడితే అది నేచురల్. మన దేశంలోని కాఫీ వ్యాపారంలో దీనినే చాలాకాలంగా చెర్రీ అంటున్నారు. తొక్క తీసి, జిగురును సుమారు 24 నుంచి 36 గంటలపాటు పులియనిచ్చి, కడిగి ఎండబెడితే అది వాష్డ్. ఇలా చేసిన అరబికాకు మన దగ్గర ప్లాంటేషన్ అనీ, రోబస్టాకు పార్చ్‌మెంట్ అనీ గ్రేడు పేర్లు ఉన్నాయి. హనీ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. బ్రెజిల్‌లో తొక్క తీసి జిగురుతో ఎండబెట్టే పద్ధతి 1990ల నాటికే వాడుకలోకి వచ్చింది. దానికి ఈ పేరూ ఈ రంగులూ తగిలించి ప్రపంచ మార్కెట్టులో ప్రత్యేకమైన సరుకుగా నిలబెట్టినవారు మాత్రం ప్రధానంగా కోస్టారికా రైతులు. అక్కడ 2000 తరువాత చాలా కుటుంబాలు తమ పండ్లను పెద్ద మిల్లులకు తోలడం మాని, ఇంటి దగ్గరే పల్పరు అనే తొక్క తీసే చిన్న యంత్రం, ఎండబెట్టే మంచెలు పెట్టుకున్నాయి. కడగడానికి నీరు దాదాపు అక్కరలేకపోవడం ఈ పద్ధతికి ఉన్న పెద్ద సౌకర్యం. కడిగిన కుళ్లు నీరు వాగుల్లోకి పోయే బెడదా ఉండదు.

రంగుల సంగతి చెప్పాలంటే, జిగురు కొంత తీసివేసి త్వరగా ఎండబెట్టినది ఎల్లో, ఎక్కువ జిగురు ఉంచి కాస్త నీడలో నిదానంగా ఎండబెట్టినది రెడ్, దాదాపు మొత్తం జిగురుతో మరింత నిదానంగా ఎండబెట్టినది బ్లాక్. అయితే ఈ హద్దులను అందరూ ఒప్పుకున్న ప్రమాణం ఏదీ లేదు. ఒక తోటవారు రెడ్ అన్నదానిని మరొకరు ఎల్లో అనవచ్చు. అందువలన బ్లాక్ అన్న ఒక్క మాటకే అదనంగా డబ్బు ఇవ్వడం మాకు సమంజసంగా కనిపించదు. జిగురులోని తీపి గింజలోకి ఇంకుతుందని అమ్మేవారు కొందరు చెబుతారు గానీ అది అంత తేలికగా తేల్చగల సంగతి కాదు. జిగురు ఉండగా జరిగే స్వల్పమైన పులియడమూ, నిదానంగా ఎండడమూ కలిసి రుచిని మారుస్తాయని చెప్పడం భద్రమైన మాట. మంచి హనీ కాఫీలో వాష్డ్ కాఫీకి ఉండే పులుపు కొంత తగ్గి, నోటికి నిండుదనం, బెల్లపు పాకాన్నో ఎండు పండ్లనో తలపించే తీపి తెలుస్తాయి.

ఇక ధర. గుంటూరువారికి దీనిని వివరించడం తేలిక, ఎందుకంటే మిరపకాయను కల్లంలో ఎండబెట్టే రైతు పడే ఆదుర్దాయే ఇక్కడా ఉంది: మంచు పడితే కప్పాలి, ఎండ రాగానే విప్పాలి, కుప్పగా ఉంటే బూజు, పలుచగా ఉంటే చోటు చాలదు, మబ్బు పట్టిన రెండు రోజులలోనే ఏడాది కష్టం రంగు మారిపోతుంది. కాఫీలో దీనికి తోడు జిగురు ఉంటుంది. అది గింజలను ముద్దలు కట్టిస్తుంది, ఈగలను పిలుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కడిగిన గింజను రోజుకు కొన్నిసార్లు కలియబెడితే సరిపోతే, హనీ గింజ దగ్గర మొదటి రెండు మూడు రోజులు దాదాపు గంటకొకసారి మనిషి ఉండాలి. ఎండే రోజులూ ఎక్కువే, మంచె ఖాళీ అయితే తప్ప తరువాతి కోతకు చోటు దొరకదు.

దీని మీద కాఫీకి మామూలుగానే ఉండే తరుగు ఉండనే ఉంది. రమారమి 6 కిలోల పండ్ల నుంచి ఒక కిలో పచ్చి గింజ వస్తుంది. వేయించినప్పుడు ఆ కిలోలో 15 శాతానికి పైగా బరువు పోతుంది. అంటే మీరు కొన్న 250 గ్రాముల పొట్లం వెనుక సుమారు 1.8 కిలోల పండ్లు, లెక్కకు వెయ్యికి అటూ ఇటూ కాయలు ఉంటాయి, అవీ పచ్చివి తగలకుండా ఒక్కొక్కటిగా చేత్తో ఏరి కోసినవి. ఈ పనంతా నిజంగా జరిగి ఉంటే ఆ ధర ఎక్కువ కాదు. జరిగిందో లేదో పొట్లం మీది రంగు పేరు చెప్పదు; దానిని ఎలా తెలుసుకోవాలో చివరి జవాబులో రాశాము.

ప్రశ్న: మాది గూడెం కొత్తవీధి మండలంలోని ఒక కొండ ఊరు. నేను విజయవాడ ఆటోనగర్‌లో పనిచేస్తున్నాను. అమ్మా నాన్నా, అన్నా వదినా కలిసి మూడెకరాల కాఫీ తోట, అందులోనే మిరియాలు చూసుకుంటారు. ఇన్నాళ్లూ తొక్క తీసి, కడిగి, ఎండబెట్టి, పెంకు ఒలవకుండా పార్చ్‌మెంట్‌గా అమ్ముతున్నాము. నగరంలో హనీ కాఫీ ధర చూశాక ఈసారి పంటంతా అలా చేద్దామన్నాను. నాన్న ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పంటంతా చేయవద్దు. ఈ విషయంలో మీ నాన్నగారి వైపే మేమూ ఉన్నాము. కడిగి ఎండబెట్టిన పార్చ్‌మెంట్‌కు మీ దగ్గర కొనేవారు ఉన్నారు, జీసీసీగా అందరికీ తెలిసిన గిరిజన సహకార సంస్థ ఉంది, తూకం వేసిన వెంటనే కాకపోయినా కొద్ది రోజులలో డబ్బు చేతికి వస్తుంది. హనీ గింజకు అలాంటి సిద్ధమైన సంత లేదు; పాడైతే మామూలు ధర కూడా పలకదు. మూడెకరాల ఇల్లు ఒక ఏడాది పంటను పరీక్షకు పెట్టకూడదు. పదో వంతో, అంతకన్నా తక్కువో విడిగా చేసి చూడండి. ఇలా అంటే మీ నాన్నగారు కూడా కాదనకపోవచ్చు.

ఏ కోతను ఎంచుకోవాలన్నది మొదటి నిర్ణయం. మీ ప్రాంతంలో కోతలు సాధారణంగా నవంబరులో మొదలై జనవరి దాకా, కొన్నిచోట్ల ఇంకా ముందుకు సాగుతాయి. నవంబరులోనూ డిసెంబరు తొలి రోజులలోనూ బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే మన్యంలో ముసురు తప్పదు. ఆ కోతలను ఎప్పటిలాగే కడిగి ఎండబెట్టుకొని, వానల బెడద తగ్గి, చెట్టు మీద పండ్లు ఒకే తీరుగా ఎర్రబడే మధ్య కోతలలో ఒకదానిని హనీకి కేటాయించండి. అప్పుడు మీకు ఎదురయ్యేది చలి, పొగమంచు. లంబసింగి, చింతపల్లి వైపు డిసెంబరు, జనవరి ఉదయాలు ఎలా ఉంటాయో మీకు చెప్పనవసరం లేదు. బాగా పొద్దెక్కేదాకా మంచు విడవదు, అంతవరకు గింజ మీది కప్పు తీయకూడదు. కోస్టారికాలో ఇన్ని రోజులలో ఎండింది కనుక మన దగ్గరా అంతేనని లెక్క వేసుకోకండి. మీ ఊరిలో రెండు వారాలు పట్టవచ్చు, మూడు వారాలు దాటినా ఆశ్చర్యం లేదు.

కోసేటప్పుడు పూర్తిగా ఎర్రబడిన పండునే కోయాలి. పచ్చికాయ పల్పరులో సరిగా నలగదు, కప్పులో వగరు ఇస్తుంది. మరీ మగ్గి నల్లబడినది అప్పటికే పులిసి ఉంటుంది. కోసిన పండ్లను తొట్టిలో పోసి, తేలిన వాటిని తీసివేయండి. లోపల గింజ ఎదగనివీ, పురుగు తొలిచినవీ చాలావరకు అక్కడే పోతాయి. 2025లో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు కనిపించిన తరువాత ఈ పనికి విలువ ఇంకా పెరిగింది, కోత ముగిశాక చెట్టు మీదా నేల మీదా కాయ మిగలకుండా ఏరివేయడం కూడా అందుకే అవసరం. తొక్క తీయడం అదే రోజు సాయంత్రానికి పూర్తి కావాలి. రాత్రంతా గోతాల్లో వేడెక్కిన పండుతో మంచి హనీ రాదు. పల్పరు గింజను గీరకుండా సరిచేసి పెట్టుకోండి, ఎందుకంటే గీత పడిన గింజలోకి పులుపు సూటిగా దిగుతుంది.

నేల మీద టార్పాలిన్ పట్టా పరిచి హనీ చేయవద్దని మా గట్టి సలహా. వెదురుతో నడుము ఎత్తున మంచె కట్టి, దాని మీద నైలాన్ వల బిగిస్తే పైనుంచీ కిందినుంచీ గాలి ఆడుతుంది. వెదురు మీకు దొరికేదే. మొదట గింజను రెండు మూడు సెంటీమీటర్లకు మించని పొరగా పరిచి, పైతడి ఆరేదాకా తరచుగా చేత్తో కలియబెడుతూ, ముద్ద కట్టిన వాటిని విడదీస్తూ ఉండాలి. పైజిగురు చేతికి అంటడం తగ్గిన తరువాత పొర మందం కొద్దిగా పెంచి, రోజుకు నాలుగైదు సార్లు తిప్పితే చాలు. మధ్యాహ్నపు ఎండ మరీ తీక్షణంగా ఉంటే నీడవల వేయండి. పైన పెంకు పగిలి లోపల తేమ నిలిచిపోతే ఆ గింజ నిలవకు పనికిరాదు. రాత్రి కప్పే పట్టా గింజను తాకకుండా కమ్మీల మీద నిలవాలి, లేకపోతే పట్టా లోపలివైపు చేరిన చెమ్మ తెల్లవారేసరికి గింజ మీదే కారుతుంది. వెనిగరు వాసన గానీ కుళ్లు వాసన గానీ వచ్చిన మంచెను వెంటనే వేరు చేయండి. దానిని మిగతా దానిలో కలిపితే మొత్తం పోతుంది.

ఎండిందా లేదా అన్నది కొరికి చూసి చెప్పే అలవాటు మీ ఇంట్లో ఉండే ఉంటుంది. హనీ విషయంలో దానిని నమ్మలేము, ఎందుకంటే పైపొర జిగురు గట్టిపడి లోపలి తేమను దాచిపెడుతుంది. తేమ కొలిచే పరికరంతో చూసి, 11 శాతం దగ్గర దించండి. 12 దాటి ఉంటే గోతంలో బూజు పడుతుంది, 10కన్నా బాగా తగ్గితే కప్పులో జీవం ఉండదు. పరికరం ఒక్క ఇంటికి బరువు కనుక నాలుగు కుటుంబాలు కలిసి కొనుక్కోవడం మేలు. ఎండిన గింజను గాలి చొరని సంచిలో పోసి, చెక్కల మీద ఎత్తుగా పెట్టండి. పొయ్యి ఉన్న గదిలో వద్దు. మిరియాలు, పసుపు గోతాల పక్కన అసలే వద్దు, కాఫీ గింజ ఏ వాసననైనా తనలోకి తీసుకుంటుంది. పెంకుతోనే ఒకటి రెండు నెలలు నిలువ ఉంచి, తరువాత ఒలిపించండి.

ఇక్కడివరకు చెప్పినది చేతిపని. దానికి ముందే చేయవలసినది కొనేవారిని వెతకడం. మంచె కట్టకముందే విజయవాడలోనో విశాఖలోనో గింజలు వేయించి అమ్మే ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. నగరంలో మీరు ఉండడం వలన మీ ఇంటికి కలిగే అసలైన లాభం ఇదే. మాదిరి గింజను కాఫీ బోర్డు నాణ్యత ప్రయోగశాలలో రుచి చూపించి మార్కులు తెలుసుకోండి. వందకు 80, ఆపైన వస్తే దానిని స్పెషాలిటీ కాఫీగా లెక్కిస్తారు. రాకపోతే ఆ ఏడాదికి ఎక్కడ తప్పు జరిగిందో తెలుస్తుంది. చేతి నోటు పుస్తకంలో కోసిన తేదీ, తొక్క తీసిన సమయం, మబ్బు పట్టిన రోజులు, దించిన రోజు తేమ రాసిపెట్టండి. మంచి ధర ఇచ్చే కొనుగోలుదారు ఆ పుస్తకాన్ని చూడాలని అడుగుతాడు.

లెక్క వేసేటప్పుడు ఒక పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతుంది. ఇంటివారే చేశారు కనుక కూలి ఖర్చు లేదనుకుంటారు. మంచె దగ్గర రోజంతా నిలబడేది మీ అమ్మగారు, మీ వదినగారు; ఆ రోజులలో వారు మిరియాల పనికో బయటి కూలికో వెళ్లలేరు. వారి కూలిని ఊరి రేటు ప్రకారం కట్టి, పార్చ్‌మెంట్‌కు వచ్చే ధరను పక్కన పెట్టి, ఆపైన ఏమైనా మిగిలితేనే మరుసటి ఏడాది మరో మంచె కట్టండి. చేస్తామో లేదో తేల్చే ఆఖరి మాట కూడా, మా అభిప్రాయంలో, ఆ ఇద్దరినీ అడిగి తీసుకోవాలి. మీ ఉత్తరంలో మీరూ నాన్నగారూ మాత్రమే మాట్లాడుకున్నట్లు ఉంది.

ప్రశ్న: పేరు విని హనీ కాఫీ గింజలు కొని, మిక్సీలో మెత్తగా పట్టి, అలవాటు ప్రకారం చికోరీ కలిపి ఫిల్టరులో వేశాను. డికాషన్ దిగడానికే గంటలు పట్టింది, పాలు పోస్తే రుచీ లేదు, చిక్కదనమూ లేదు. మోసపోయానా?
— ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: గింజలో మోసం ఉందని మీ ఉత్తరం వలన అనిపించడం లేదు. మన ఇళ్లలోని ఫిల్టరు కాఫీ బాగా వేయించిన గింజకు, చికోరీకి, చిక్కని పాలకు అలవాటు పడినది. నలుపూ చిక్కదనమూ చాలావరకు చికోరీ ఇచ్చేవే. ఆహార భద్రత నిబంధనల ప్రకారం చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, పాళ్లు పొట్లం మీద ముద్రించాలి, అంటే సగానికి దగ్గరగా చికోరీ ఉన్నా చట్టం ఒప్పుకుంటుంది. హనీ గింజను సాధారణంగా మధ్యస్థంగా వేయిస్తారు, లేకపోతే మూడు వారాలు మంచె దగ్గర కాపలా కాసి సంపాదించిన రుచి మాడు వాసన కింద పోతుంది. అలాంటి గింజలో చికోరీ కలపడం డబ్బు దండగ.

కొత్త సామాను కొనకుండానే ఇలా చేసి చూడండి. పొడిని బొంబాయి రవ్వకన్నా కొంచెం సన్నగా, పట్టుకుంటే గరుకు తెలిసేలా ఆడించండి. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పాలి, పొడి వేడెక్కకూడదు. పాలు లేకుండా తాగడానికి 15 గ్రాముల పొడికి 240 మిల్లీలీటర్ల నీళ్లు లెక్క. నీళ్లు మరిగాక అర నిమిషం ఆగి, గిన్నెలోని పొడి మీద పోసి, ఒకసారి కలిపి, మూతపెట్టి, నాలుగు నిమిషాల తరువాత పలుచని నూలు గుడ్డలో వడపోయండి. మొదటి గుక్క పొగలు కక్కుతుండగా కాక, కాస్త చల్లారాక తాగితే తీపి తెలుస్తుంది. పాలతోనే కావాలంటే ఫిల్టరులో 30 గ్రాములు వేసి, పైన 150 మిల్లీలీటర్ల వేడి నీళ్లు పోయండి. పొడిని గట్టిగా నొక్కవద్దు. డికాషన్‌కు సమానంగా పాలు చాలు, పంచదార సగానికి తగ్గించండి. అప్పటికీ మీకు మునుపటి కాఫీయే బాగున్నట్లయితే నిస్సంకోచంగా దానినే తాగండి. డిగ్రీ కాఫీ కూడా తక్కువదేమీ కాదు.

ప్రశ్న: మిరప సాగులో నష్టాలు వస్తున్నాయి. అరకు వైపు ఐదెకరాల కాఫీ తోట ఇప్పిస్తానని ఒక మధ్యవర్తి తిరుగుతున్నాడు. కొనవచ్చునా? లేదా మా పొలంలోనే నీడ చెట్లు వేసి కాఫీ పండించవచ్చునా?
— ఒక రైతు, ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా

జవాబు: రెండూ కుదరవు. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలు షెడ్యూల్డు ప్రాంతాలు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను సవరించిన 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, మనవాళ్లు వన్ ఆఫ్ సెవెంటీ అనేది, అక్కడి భూమిని గిరిజనులకు గానీ, పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ తప్ప వేరెవరికీ బదిలీ చేయడాన్ని చెల్లనివ్వదు. అమ్మేవారు గిరిజనేతరులైనా ఇదే వర్తిస్తుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టా వారసులకు వస్తుందే గాని అమ్మడానికి వీలు లేదు. ప్రభుత్వ భూమిని సైతం అక్కడ గిరిజనేతరులకు లీజుకివ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఎవరి పేరు మీదనో పెట్టి మీకు అనుభవం ఇప్పిస్తామనే మాటలు విని బయానా ఇవ్వకండి. ఆ చట్టం లేకపోతే ఈరోజు మనం ముచ్చటగా చెప్పుకుంటున్న గిరిజన కుటుంబాల తోటలు ఆ కుటుంబాల చేతిలో మిగిలి ఉండేవి కావని మా నమ్మకం.

మీ పొలం విషయానికి వస్తే, అరబికాకు సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల దరిదాపు ఎత్తు, 15 నుంచి 25 డిగ్రీల వేడి అనుకూలం. రోబస్టా మరికొంత వేడిని ఓర్చుకుంటుంది గాని వేసవిలో 40 డిగ్రీలు దాటే మీ ప్రాంతపు గాలిని ఓర్చుకోదు. నీడ చెట్లు ఎండను ఆపగలవు, వడగాలిని ఆపలేవు. సరదాకు పెరటి కుండీలో ఒక మొక్క పెంచుకోవచ్చు.

ప్రశ్న: పటమటలో మాకు చిన్న కాఫీ దుకాణం ఉంది. ఒక కుటుంబ తోట నుంచి హనీ గింజలు నేరుగా తెప్పించి అమ్మాలని ఉంది. మంచివేనని ఎలా తెలుసుకోవాలి? ఎలా నిలవ చేయాలి?
— ఒక దుకాణదారు, విజయవాడ

జవాబు: ఎండబెట్టిన సంగతులు అడగండి. ఏ నెల కోత, ఎన్ని రోజులు ఎండింది, మంచె మీదా నేల మీదా, దించినప్పుడు తేమ ఎంత, మధ్యలో వాన పడిందా అన్న ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పేవారి దగ్గర సరుకు తీసుకోవచ్చు. వానలో ఒక మంచె పోయిందని చెప్పేవారిని ఇంకా నమ్మవచ్చు. కప్పులోని రుచుల గురించి పండ్ల పేర్లు పది వరుసగా చెప్పి, వీటికి మాత్రం నీళ్లు నమిలేవారి దగ్గర జాగ్రత్త. మన మన్యంలో ఒక్కొక్క ఇంటికి ఉండేది ఒకటి రెండు ఎకరాలు, మహా అయితే మూడు. ఏడాది పొడుగునా మీ దుకాణానికి చాలినంత హనీ గింజ ఒక్క కుటుంబం ఇవ్వలేదు. ‘ఒకే కుటుంబం’ అని రాసిన పొట్లం పన్నెండు నెలలూ ఎడతెగకుండా వస్తూ ఉంటే అందులో ఎన్ని ఇళ్ల గింజ కలిసిందో అడగండి. నాలుగైదు ఇళ్ల గింజ కలపడం తప్పు కాదు, దానిని దాచడం తప్పు. అరకు వ్యాలీ అరబికాకు 2019లో వచ్చిన భౌగోళిక గుర్తింపు గింజ ఎక్కడిదో చెబుతుంది. ఎలా ఎండిందో, ఎలాంటి మార్కులు తెచ్చుకుందో అది చెప్పదు.

కొనే ముందు పచ్చి గింజను దోసిట్లో పోసుకొని చూడండి. హనీ గింజ మీద అక్కడక్కడా గోధుమ రంగు పొర అంటి ఉండడం సహజం. నల్లమచ్చలు, తెల్లని పొడి, బూజు వాసన సహజం కావు. మాదిరిగా వచ్చిన గింజనే సరుకుగానూ పంపారో లేదో రెండింటినీ ఒకే రోజు వేయించి, పక్కపక్కన తాగి చూడండి. వేయించిన వెంటనే గింజలోనుంచి బొగ్గుపులుసు వాయువు వెలువడుతూ ఉంటుంది కనుక ఒక వారం ఆగి అమ్మకానికి పెట్టండి, అక్కడినుంచి నెల, నెలన్నర లోపల అయిపోయేలా కొద్దికొద్దిగా వేయించండి. విజయవాడ ఎండల్లో అద్దాల సీసాలో గింజలు పోసి కౌంటరు మీద అలంకారంగా పెట్టడం వాటికి హాని. గాలి బయటికి పోయే కవాటం ఉన్న సంచులలో, చల్లని మూల ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తూ ఉంటే గింజ మీద చెమ్మ చేరుతుంది. పొట్లం మీద వేయించిన తేదీ తప్పక వేయండి. రైతుకు డబ్బు మాత్రం గింజ అమ్ముడుపోయేదాకా ఆపకుండా, తూకం వేసిన రోజునే సగమైనా ఇవ్వండి, ఎందుకంటే ఆ కుటుంబం పార్చ్‌మెంట్ అమ్ముకొని ఉంటే ఆ డబ్బు వారికి అప్పటికి కొన్ని నెలల ముందే వచ్చి ఉండేది.